ముసర వ్యాధి నిర్మూలన: మనం నేర్వవలసిన పాఠం

‘పాడిపంటలు’ అనే జంటపదంలో మన పెద్దలు పాడినే ముందు నిలిపారు. అది కేవలం నోటి వాడుకగా ఏర్పడిన క్రమం కాదని కృష్ణా డెల్టాలో పుట్టి పెరిగిన వారెవరికైనా విదితమే. ట్రాక్టర్లు రాకముందు బందరు, గుడివాడ మాగాణుల్లో దమ్ము చేసినవి దున్నపోతులు. దివిసీమ లంకల నుండి ధాన్యం బండ్లను గట్టుకు చేర్చినవి ఎడ్లు. పంట చేతికి రాని నెలల్లో ఇంటిల్లిపాదికీ నాలుగు మెతుకులు పెట్టినది గేదె పాలు. గొడ్ల చావిడి కళకళలాడుతున్న ఇల్లే నిండు ఇల్లు. ఆ చావిడి ఒక్క పక్షం రోజుల్లో ఖాళీ అయితే ఆ ఏడు పొలం బీడుపడేది, రైతు అప్పుల పాలయ్యేవాడు. శతాబ్దాల తరబడి మన చావిళ్ళను అట్లు ఖాళీ చేసిన ఒక మహమ్మారి నేడు భూమి మీద ఎక్కడా లేదు. దాని పేరు ముసర వ్యాధి. ఆంగ్లంలో రిండర్‌పెస్ట్ అంటారు.

మానవుడు తన ప్రయత్నంతో భూమి మీద నుండి సంపూర్ణంగా తుడిచివేసిన వ్యాధులు ఇంతవరకు రెండే రెండు. మొదటిది మనుషులకు వచ్చే మశూచి. దాని నిర్మూలనను 1980లో ప్రకటించారు. రెండవది ఈ ముసర. దీని నిర్మూలనను 2011లో ప్రకటించారు. మొదటిదాని సంగతి పాఠ్యపుస్తకాలు చెబుతున్నాయి. రెండవదాని సంగతి మన విద్యార్థుల్లో పదిమందికైనా తెలియదు. 1977 నవంబరు 19న దివిసీమను ముంచెత్తిన ఉప్పెనకు తేదీ ఉంది, స్మారక చిహ్నాలు ఉన్నాయి, నేటికీ కన్నీరు పెట్టే వారున్నారు. అది న్యాయమే. కాని ఉప్పెన ఒక్క రాత్రిలో చేసిన పనిని ఊరూరా, ఏటేటా, చప్పుడు లేకుండా చేసిన రోగానికి తేదీ లేదు. అది పోయిన రోజును జ్ఞాపకం పెట్టుకున్నవారూ లేరు. శత్రువు పోయాక అతడిని ఎట్లు ఓడించామో కూడా మరచిపోతే, మరొక శత్రువు వచ్చినప్పుడు మన చేతిలో ఆయుధం ఉండి కూడా ఉండనట్లే.

మొదట ఆ వ్యాధి స్వరూపం తెలుసుకుందాం. మనుషులకు వచ్చే తట్టు వైరస్‌కు అతి దగ్గరి చుట్టమైన వైరస్ దీనికి మూలం. పశువుకు తీవ్రమైన జ్వరం వచ్చేది. కళ్ళ వెంట, ముక్కుల వెంట స్రావం కారేది. నోటిలో పుండ్లు పడి దుర్గంధం వచ్చేది. పిమ్మట ఆగని పారుడు. కొద్ది రోజుల్లో పశువు నీరసించి నేలకొరిగేది. వ్యాధి కొత్తగా ప్రవేశించిన చోట మందలో పదింట తొమ్మిది చనిపోయిన సందర్భాలు కూడా ఉన్నాయి. 1890లలో తూర్పు, దక్షిణ ఆఫ్రికా ప్రాంతాల్లో జరిగినది అదే. అక్కడ పశువులతో పాటు, పశువుల మీద ఆధారపడిన జాతులు కూడా కరవు వాతబడి అల్లాడిపోయాయి.

మన దేశంలో ఈ రోగం మీద పోరాటం నిన్నమొన్నటిది కాదు. మన కృష్ణా జిల్లా మద్రాసు రాజధానిలో అంతర్భాగంగా ఉన్న రోజుల్లోనే, 1866లో, మద్రాసు ప్రభుత్వం పశువ్యాధుల చట్టం చేసింది. దేశంలోని పశు మహమ్మారులను విచారించిన సంఘం 1871లో నివేదిక ఇచ్చింది. 1889లో పూనాలో ఒక బాక్టీరియా పరిశోధనశాలను స్థాపించి, 1893లో దానిని జనావాసాలకూ పశువులకూ దూరంగా కుమావూ కొండల్లోని ముక్తేశ్వర్‌కు తరలించారు. నేటి భారత పశువైద్య పరిశోధన సంస్థకు మూలం అదే. ప్రఖ్యాత శాస్త్రవేత్త రాబర్ట్ కాక్ 1897లో ఆ పరిశోధనశాలను సందర్శించాడు. 1902లో ఇస్తాంబుల్ నగరంలో మారిస్ నికోల్ అనే ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు, ఆదిల్ బే అనే తురుష్క పశువైద్యుడు కలిసి, ఈ రోగకారకం బాక్టీరియాను ఆపగల వడపోత గుండా కూడా దూరిపోయేటంత సూక్ష్మమైనదని నిరూపించారు. విజ్ఞానానికి దేశం లేదు, మతం లేదు అని సభల్లో చెప్పుకొనే మాటకు ఇంతకంటె మంచి నిదర్శనం వెతుక్కోనక్కరలేదు.

రోగానికీ దేశం లేదన్న సత్యం 1920లో బయటపడింది. భారతదేశం నుండి బ్రెజిల్‌కు వెళుతున్న పశువుల ఓడ బెల్జియం దేశపు ఆంట్‌వెర్ప్ రేవులో ఆగింది. ఆ పశువుల వెంట ముసర కూడా దిగింది. యూరప్ దేశాలు కలవరపడి, 1924లో పారిస్ నగరంలో అంతర్జాతీయ పశువ్యాధుల కార్యాలయాన్ని నెలకొల్పాయి. నేటి ప్రపంచ పశు ఆరోగ్య సంస్థ అదే. మనకు పొరుగునున్న ఒంగోలు జాతి బ్రెజిల్‌లో ‘నెలోర్’ అనే పేరుతో వర్ధిల్లుతున్నదని మనం గర్విస్తాం. పశువు వెళ్ళిన దారినే రోగమూ వెళ్ళగలదన్న ఎరుక ఆ గర్వానికి తోడుగా ఉండాలి.

1920లలో ముక్తేశ్వర్‌లో జె. టి. ఎడ్వర్డ్స్ అనే శాస్త్రజ్ఞుడు ఈ వైరస్‌ను మేకల్లో పదే పదే ఎక్కించి, దాని ఉగ్రతను తగ్గించి టీకాగా మలిచాడు. 1932లో ఉత్తర ఆర్కాటు జిల్లా రాణిపేటలో మద్రాసు ప్రభుత్వం పశువుల కోసం సీరం సంస్థను స్థాపించింది. 1940లో ముసర వ్యాధి కోసమే ప్రత్యేకంగా ఒక చట్టం చేసింది. అంటే స్వాతంత్ర్యం వచ్చే నాటికే మనకు పరిశోధన ఉంది, టీకా ఉంది, చట్టం ఉంది. అయినా స్వతంత్ర భారతంలో ఏటా వేల సంఖ్యలో ఈ వ్యాధి తలెత్తుతూనే ఉంది. ఎందుచేత? ఇదే మనం వేసుకోవలసిన ప్రశ్న.

1954లో కేంద్ర ప్రభుత్వం జాతీయ ముసర వ్యాధి నిర్మూలన పథకాన్ని ఆరంభించింది. దేశంలోని పశువులలో నూటికి ఎనభై వంతుల వాటికి టీకా వేయాలనీ, మిగిలిన వాటికీ, ఏటా పుట్టే దూడలకూ తరువాత వేయాలనీ సంకల్పించారు. మంచు పెట్టెలో టీకా మందు పెట్టుకొని, బస్సు వెళ్ళినంత దూరం బస్సులో, అది లేనిచోట సైకిలు మీద, వంతెన లేని చోట పడవలో వెళ్ళి, బెదిరే గొడ్డును పలుపు పట్టి ఆపి సూది వేసిన పశువైద్య సహాయకుల పేర్లు ఏ గ్రంథంలోనూ ఉండవు. వారి శ్రమ ఫలించింది. పదేళ్ళు తిరిగేసరికి వ్యాధి ఎంతగానో తగ్గిపోయింది.

తగ్గిపోయింది కాని, పోలేదు. అక్కడే అసలు చిక్కు వచ్చింది. ఊరు ఊరంతా గొడ్లు చచ్చిపోతున్నప్పుడు టీకా వేయించుకోవడానికి జనం వరుస కడతారు, ప్రభుత్వం సొమ్ము విదిలిస్తుంది, పత్రికలు వ్రాస్తాయి. పదేళ్ళుగా రోగం కంటబడని ఊళ్ళో టీకా వేయడానికి వచ్చినవాడిని ‘ఇప్పుడెందుకయ్యా ఈ సూది, పాలు తగ్గుతాయి’ అని అడుగుతారు. దూడలు పుడుతూనే ఉంటాయి. వాటికి టీకా పడదు. నాలుగైదేళ్ళలో మళ్ళీ ఎండుగడ్డి వామి వంటి మంద తయారవుతుంది. ఒక్క నిప్పురవ్వ చాలు. 1970లలోనూ 1980లలోనూ మన దేశంలో జరిగినది ఇదే. ఆఫ్రికాలోనూ ఇదే కథ. 1962 నుండి 1976 వరకు అనేక దేశాలు కలిసి టీకాలు వేసి వ్యాధిని మూలలకు నెట్టివేశాయి. పని పూర్తయినదనుకొని చేతులు దులుపుకున్నాయి. 1980ల ఆరంభంలో ఆ మూలల నుండే రోగం తిరిగి వచ్చి, అపారమైన పశునష్టం కలిగించింది. వ్యాధిని తగ్గించడం ఒక పని. వ్యాధిని లేకుండా చేయడం మరొక పని. మొదటిదానికి ఉత్సాహం చాలు. రెండవదానికి ఓర్పు కావాలి.

ఈలోగా విజ్ఞానం తన వంతు తాను చేసింది. కెన్యా దేశంలో వాల్టర్ ప్లౌరైట్ అనే పశువైద్య శాస్త్రజ్ఞుడు తన సహచరులతో కలిసి, గాజుపాత్రల్లో పెంచిన జీవకణాలలో ఈ వైరస్‌ను పెంచి, 1960ల ఆరంభానికి కొత్త టీకాను సిద్ధం చేశాడు. పాత మేక టీకా కొన్ని జాతుల పశువులకు బాధ కలిగించేది. ఇది అన్ని జాతులకూ క్షేమకరం, జీవితాంతం రక్షణ ఇచ్చేది. అందుకుగాను ఆయనకు 1999లో ప్రపంచ ఆహార బహుమతి లభించింది. అయినా ఇంత మంచి టీకా వచ్చిన తరువాత కూడా ముప్పయి ఏండ్లకు పైగా మన దేశంలో వ్యాధి నిలిచే ఉన్నదన్న విషయం మరువరాదు. మందు దొరకడమే విజయం కాదు.

మన దేశంలో మలుపు 1992లో వచ్చింది. ఐరోపా సమాజపు ఆర్థిక సహాయంతో కొత్త పథకం ఆరంభమైంది. దేశాన్ని నాలుగు మండలాలుగా విభజించారు. వ్యాధి పాతుకొని ఉన్న మండలం ఏది? మరేదో దూర ప్రాంతం కాదు, మన దక్షిణ ద్వీపకల్పమే. అందులో ఆనాటి ఆంధ్రప్రదేశ్ కూడా ఉంది. ఈసారి గుడ్డిగా టీకాలు వేసి లెక్కలు చెప్పుకొనే పద్ధతి మారింది. వ్యాధి ఎక్కడ దాగి ఉన్నదో వెతకడం ముఖ్యమైన పని అయింది. పల్లె పల్లెకూ వెళ్ళి విచారించారు. సంతల్లో, పశువులను తోలుకుపోయే దారుల్లో చూశారు. రక్తపు నమూనాలు తీసి పరీక్షించారు. చివరకు 1995 జూన్ 1న తమిళనాడులోని ఉత్తర ఆర్కాటు ప్రాంతంలో నమోదైనదే ఈ దేశంలో ముసర వ్యాధి చివరి ఉదంతం. రాణిపేట సీరం సంస్థ వెలసినది కూడా ఆ సీమలోనే. టీకా తయారయ్యే చోటు పొరుగునే రోగం చివరి వరకు తలదాచుకున్నదంటే, మందు తయారుకావడానికీ పశువుకు చేరడానికీ మధ్య దూరాన్ని మైళ్ళలో కొలవలేమని తేలుతున్నది.

ఆ పిమ్మట జరిగిన పనికి అన్నిటికంటె ధైర్యం కావాలి. టీకా వేయడం ఆపివేయాలి! టీకా పడిన పశువు రక్తంలోనూ, రోగం వచ్చి తగ్గిన పశువు రక్తంలోనూ ఒకే విధమైన రక్షక పదార్థాలు కనబడతాయి. టీకా ఆపితే తప్ప, వ్యాధి నిజంగా పోయిందో లేక టీకా చాటున దాగి ఉన్నదో తెలియదు. నలభై ఏండ్లు కాపాడిన కవచాన్ని విప్పి, ‘ఇప్పుడు రా’ అని ఎదురుచూడటం వంటిది అది. మన దేశం ఆ పరీక్షకు నిలిచింది. 2006 మే నెలలో భారతదేశంలో ముసర వ్యాధి లేదనీ, దాని వైరస్ సంచారం కూడా లేదనీ అంతర్జాతీయ సంస్థ ధ్రువీకరించింది. పాకిస్తాన్‌లో చివరి ఉదంతం 2000లో, ప్రపంచంలోనే చివరి ఉదంతం 2001లో కెన్యా అడవి దున్నల్లో కనిపించాయి. 2011 మే నెలలో ప్రపంచ పశు ఆరోగ్య సంస్థ, జూన్‌లో ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ ముసర నిర్మూలన పూర్తయినదని ప్రకటించాయి.

ఈ చరిత్రను ఇంత విపులంగా చెప్పడం గతవైభవ కీర్తన కోసం కాదు. మన కళ్ళ ముందే నేడు అటువంటి మరొక పరీక్ష ఉన్నది. మేకలకు, గొర్రెలకు వచ్చే పారుడు వ్యాధి, వైద్యులు పి.పి.ఆర్. అనేది, ముసర వైరస్‌కు తోబుట్టువైన వైరస్ వల్ల కలుగుతుంది. జనం కొన్ని చోట్ల దానిని కూడా ముసర అనే పిలవడంలో వింత లేదు. మన దేశంలో దానిని వేరే వ్యాధిగా గుర్తించినది 1987లో, తమిళనాడులో. అంతకు ముందు గొర్రెలు చనిపోతే ముసర అనుకొని ఊరుకొన్నారు. దానికి ముక్తేశ్వర్‌లోనే రూపొందిన చక్కని టీకా ఉంది. ఒక్కసారి వేస్తే కనీసం మూడేళ్ళు రక్షణ ఇస్తుంది. 2030 నాటికి ఈ వ్యాధిని ప్రపంచం నుండి నిర్మూలించాలని అంతర్జాతీయ సంస్థలు లక్ష్యం పెట్టుకున్నాయి. ఇక గాలికుంటు వ్యాధి సంగతి. దాని నియంత్రణకు 2019 సెప్టెంబరులో కేంద్ర ప్రభుత్వం జాతీయ కార్యక్రమాన్ని ఆరంభించింది.

ఈ రెండూ ముసర వంటివే, కనుక అదే విధంగా పోతాయి అని ఎవరైనా అంటే అది అమాయకత్వమే అవుతుంది. గాలికుంటు వైరస్‌లో అనేక రకాలున్నాయి. ఒకదానికి వేసిన టీకా మరొకదానికి పనిచేయదు. రక్షణ కొద్ది నెలలే ఉంటుంది. కోలుకున్న పశువులో కూడా వైరస్ చాలాకాలం దాగి ఉండగలదు. ముసరలో ఈ చిక్కులు లేవు. అది ఒకే రకం. ఒకసారి వచ్చి తగ్గిన పశువు మళ్ళీ దాని బారిన పడదు, దానిని మోయదు. శరీరం బయట ఆ వైరస్ ఎక్కువసేపు బ్రతకదు. ఈ లక్షణాలలో పారుడు వ్యాధి ముసరకే దగ్గర. కాబట్టి గాలికుంటును అదుపులో పెట్టడం, పారుడును నిర్మూలించడం అనే రెండు లక్ష్యాలను విడివిడిగా చూడాలి. పారుడు విషయంలో విజ్ఞానం వైపు నుండి సాకు లేదు. మిగిలినదంతా మన నిర్వహణ లోపమే అవుతుంది.

ఆవుకూ గేదెకూ ఉన్న విలువ మేకకు ఎక్కడిది, దానికి ఇంత హడావిడి దేనికి అని అడిగేవారున్నారు. గేదె ఉన్నవాడికి పొలం కూడా ఉండవచ్చు. మేక ఒక్కటే ఆస్తిగా ఉన్నవాడికి అదే బ్యాంకు, అదే బీమా, అదే పిల్లవాడి కళాశాల రుసుము. బందరు సందుల్లో, గుడివాడ పేటల్లో రెండు మూడు మేకలను ఇంటి ముంగిట కట్టుకొని సాకే బీద కుటుంబాలు అన్ని మతాల్లోనూ ఉన్నాయి. వరి కోతలయ్యాక ఎరువు కోసం పొలాల్లో మందలు కట్టించుకొనే రైతులూ, వాటిని ఊరూరా తోలుకుపోయే గొర్రెల కాపరులూ మన డెల్టాకు కొత్త కాదు. సంక్రాంతికి, బక్రీదుకు ముందు వేరే జిల్లాల నుండి జీవాలు మన సంతలకు వస్తాయి. మంద కదిలే దారి రోగం కదిలే దారి. ముసర చివరి దశలో సంతలనూ దారులనూ గాలించవలసి వచ్చినది ఇందుకే. పారుడు విషయంలోనూ టీకా పడవలసినది ఆ కదలికకు ముందే. పండుగ వెళ్ళాక వేసే టీకా, చేతులు కాలాక పట్టుకొనే ఆకు వంటిది.

అన్నిటికంటె ముఖ్యమైన మాట మరొకటి ఉంది. ముసర చివరి దశలో గెలుపు ఓటములను నిర్ణయించినది నిజం చెప్పడం. రోగాన్ని దాచడానికి ఇద్దరికి కారణం ఉంటుంది. రైతు చెప్పడు, చెబితే సంతలో జీవాలకు ధర పడిపోతుందని భయం. ఉద్యోగి వ్రాయడు, వ్రాస్తే తన పరిధిలో టీకాలు సక్రమంగా పడలేదని పై అధికారి అడుగుతాడని భయం. ఈ రెండు భయాల నీడలోనే రోగం పెరుగుతుంది. 2009లో చేసిన పశువ్యాధుల నివారణ, నియంత్రణ చట్టం రోగం సంగతి తెలియజేయవలసిన బాధ్యతను పశువు యజమాని మీద పెట్టింది. బాధ్యత పెట్టినంత మాత్రాన చాలదు; దానికి భరోసా కూడా తోడు కావాలి. మొదట చెప్పినవాడికి నష్టపరిహారం దక్కాలి. మొదట వ్రాసిన ఉద్యోగికి మందలింపు బదులు మెప్పు దక్కాలి. వేసిన టీకాల సంఖ్యను చూసి కాక, పరీక్షించిన నమూనాల సంఖ్యను, వాటిలో తేలిన నిజాన్ని చూసి పథకానికి మార్కులు వేయాలి. ప్రభుత్వానికి మేము చేసే ముఖ్యమైన విజ్ఞప్తి ఇదే.

ఇక విద్యార్థులు చేయగలిగినది లేదనుకోరాదు. మన జిల్లాకు గన్నవరంలో 1998 నుండి పశువైద్య కళాశాల ఉన్నది; అక్కడివారిని పిలిపించి మన ఆవరణలో ఒక ఉపన్యాసం ఏర్పాటు చేయడానికి పెద్ద ఖర్చు కాదు. పారుడు వ్యాధి లక్షణాలను, టీకా వేయించవలసిన కాలాన్ని తెలుగులోను, ఉర్దూలోను ఒకే కాగితానికి రెండు వైపులా అచ్చు వేయించి, జాతీయ సేవా పథకం విద్యార్థుల చేత బందరు, గుడివాడ, అవనిగడ్డ సంతల్లో పంచిపెట్టవచ్చు. రెండు భాషలు తెలిసిన మన విద్యార్థులకు ఇది భారం కాదు. అనేక కళాశాలలకు లేని సౌకర్యం. విజ్ఞానశాస్త్ర విద్యార్థులు తమ వీధిలోని మేకల్లో టీకా పడినవి ఎన్నో, పడనివి ఎన్నో ఒక పట్టిక వ్రాసినా, పశువైద్యశాలకు అది అక్కరకు వచ్చే సమాచారమే. కళాశాల కార్యవర్గం వచ్చే విద్యాసంవత్సరపు కార్యక్రమాలలో దీనికి చోటు కల్పించాలని కోరుతున్నాము.

‘గొడ్డు రోగాలు ఎప్పుడూ ఉండేవే, అంతా తలరాత’ అన్న నిట్టూర్పు మన పల్లెల్లో నేటికీ వినిపిస్తుంది. ముసర విషయంలో ఆ మాట అబద్ధమని తేలింది. నేడు మన గేదెల్లో ఏ ఒక్కటీ ఆ రోగంతో చావదు. రేపు పుట్టబోయే దూడకు ఆ రోగపు టీకా కూడా అక్కరలేదు. ఆ ఫలితం ఊరకే రాలేదు. వ్యాధి అరుదైపోయిన తరువాత కూడా దానిని వెతుకుతూ పోయిన వారి ఓర్పు వల్ల వచ్చింది. పారుడు వ్యాధి విషయంలో ఆ ఓర్పు చూపవలసిన వంతు మన తరానిది. 2030 ఎంతో దూరంలో లేదు.